నిమిషానికి పదహారు

మిల్పారా ఆసుపత్రిలో పాత కాన్పుల వార్డు ఒకటుంది. ఇప్పుడు అందులో కాన్పులు జరగవు. గనులు ఒక్కొక్కటే మూతబడ్డాక ఊళ్ళో బిడ్డల్ని కనే వయసువాళ్ళు తగ్గిపోయారు. ఉన్న కొద్దిమందీ మూడొందల కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రికి పోతున్నారు. ఖాళీగా పడున్న వార్డును నర్సుల బడిగా మార్చారు. గోడ మీద మాత్రం ముక్కున పసిబిడ్డ మూట కరుచుకుని ఎగిరే కొంగ బొమ్మ అలాగే ఉండిపోయింది. ఆ కొంగ కింద, ఇనప మంచం మీద, స్టాన్లీ పడుకుని ఉంటాడు.

స్టాన్లీ రబ్బరు మనిషి. నిలువెత్తు మగవాడంత ఉంటాడు. మంచం కింద గాలి మిషను తిరుగుతుంటే ఛాతీ లేస్తుంది, దిగుతుంది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటుంది. అద్దం వెనక గదిలో కూర్చుని ఎవరైనా మైకులో మాట్లాడితే ఆ మాట స్టాన్లీ నోట్లోంచి వస్తుంది. ఎమర్జెన్సీ నర్సులందరూ ఏడాదికోసారి వంతులవారీగా వచ్చి, స్టాన్లీని చావకుండా కాపాడి, కాగితం మీద సంతకం పెట్టించుకుని పోవాలి. కాపాడలేకపోతే మళ్ళీ రావాలి. స్టాన్లీకి అయితే ఏ ఇబ్బందీ లేదు. ఎన్నిసార్లు చచ్చాడో అతనికే గుర్తుండదు.

నెరిడా పాస్కోకి ఈ పరీక్ష పదిహేనోసారి. ఇన్నేళ్ళూ నవ్వుతూ వచ్చి నవ్వుతూ పోయింది. ఈ గురువారం మాత్రం మధ్యాహ్నం రెండింటికి, వరండాలో గోడకానుకుని నిలబడితే అరచేతులు చెమట పడుతున్నాయి.

తలుపు తీసుకుని టామ్సిన్ బయటికొచ్చింది. నెరిడా కంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పదేళ్ళు పెద్దది.

"బతికాడు," అంది కాగితం ఊపుతూ. "ఒక్క థాంక్స్ లేదు. రబ్బరుతో చేసినా మగాడు మగాడే."

"పరీక్ష పెట్టే ముసలావిడ ఎలా ఉంది?"

"కారాలు మిరియాలు నూరుతోంది. ఈసారి ఊపిరి లెక్క దగ్గర పట్టుకుంటోంది. నిమిషం నిండా చెయ్యి పెట్టి లెక్కపెట్టాలట. నేను పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేశాను. 'ఎక్కాలు చెప్పే బడి వేరే ఉంది అమ్మాయ్, అక్కడికి పో' అంది." టామ్సిన్ గొంతు తగ్గించింది. "నీకేం కాదులే నెరీ. సోమవారం కల్లా నీ కుర్చీ నీకొచ్చేస్తుంది. మీ ఇమ్మీ కూడా అడుగుతోంది, అమ్మ పగటి డ్యూటీకి ఎప్పుడొస్తుందీ అని."

నెరిడా నవ్వబోయింది. పెదాలు కదిలాయి, అంతే.

ఆ కుర్చీ అంటే ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర, అద్దం వెనక ఉండే కుర్చీ. వచ్చినవాళ్ళను చూసి ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఎవరు గంటసేపు ఆగినా ఫరవాలేదు అని తేల్చే చోటు. ఒకటో రకం అంటే ఈ క్షణం. ఐదో రకం అంటే తీరిగ్గా. నెరిడా పద్నాలుగేళ్ళు అక్కడ కూర్చుంది. పదకొండు వారాల కిందట ఆమెను అక్కడినుంచి లేపేసి రాత్రి డ్యూటీలకు పంపారు. రాత్రి డ్యూటీ అంటే తొమ్మిదేళ్ళ కూతురు ఇమ్మీ వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో పడుకోవాలి. అమ్మమ్మ మంచిదే. కానీ ఆ ఇంట్లో కర్టెన్లు కూడా సిగరెట్ కంపు కొడతాయి. ఇమ్మీకి ఉబ్బసం. ఈ పదకొండు వారాల్లో మూడుసార్లు ఊపిరాడక ఆసుపత్రికి తెచ్చారు.

ఈ రోజు సంతకం పడితే సోమవారం నుంచి పగటి డ్యూటీ. పడకపోతే కాగితాలు సిడ్నీలో నర్సుల లైసెన్సులు చూసే బోర్డుకి పోతాయి. క్లారీ ట్రెవారో కేసు మళ్ళీ తెరుస్తారు. అందులో నెరిడా చేతిరాతతో ఒక వరుస ఉంది. ఆ వరుస అబద్ధమని ఈ లోకంలో నెరిడాకి ఒక్కదానికే తెలుసు.

క్లారీ ట్రెవారో గనిలో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఎప్పుడు చూసినా నీలగిరి బిళ్ళ చప్పరిస్తూ ఉండేవాడు. బిళ్ళ అయిపోయాక ఆ వెండి పైకాగితాన్ని పారెయ్యకుండా నాలుగు మడతలు పెట్టి టోపీ పట్టీలో దోపుకునేవాడు. ఆ టోపీ చుట్టూ ఎప్పుడూ అయిదారు వెండి ముక్కలు మెరుస్తుండేవి. ఆ ఉదయం నడుం పట్టుకుని వచ్చి, అద్దం ముందు నిలబడి, "నడుం పట్టేసింది పిల్లా. తోటలో గొయ్యి తవ్వానులే," అన్నాడు. నెరిడా నాలుగో రకం రాసింది. గంట ఆగొచ్చు. ఆయన వెళ్ళి కూల్‌డ్రింకుల మిషను పక్క కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని, టోపీ మొహం మీదికి దించుకున్నాడు.

కూర్చోబెట్టినవాళ్ళ దగ్గరికి అరగంటకోసారి వెళ్ళి, చెయ్యి వేసి, నాడీ ఊపిరీ లెక్కపెట్టి రాయాలి. అది రూలు. పదకొండు నలభైకి నెరిడా లేవలేదు. రద్దీ కాదు. ఆమె ముందు కంప్యూటరులో నర్సులందరూ ఏటా పూర్తి చెయ్యాల్సిన పాఠం తెరిచి ఉంది. గడువు ఆ రోజే. పూర్తి చెయ్యనివాళ్ళ పేర్లు ఎర్ర రంగులో గోడకెక్కిస్తారు. పాఠం పేరు 'రోగి చేజారిపోతున్న గుర్తులు పసిగట్టడం ఎలా'. చేత్తో శాండ్‌విచ్ పట్టుకుని, అద్దంలోంచి ఒకసారి చూసింది. టోపీ. కట్టుకున్న చేతులు. రాసేసింది.

11:40. నిద్రపోతున్నాడు. ఊపిరి నిమిషానికి 16.

పదహారే ఎందుకని ఏ ఎమర్జెన్సీ నర్సునైనా ఒట్టు పెట్టించి అడగండి. పద్దెనిమిది అంటే ఎవరైనా రెండోసారి చూస్తారు. పన్నెండు అంటే అనుమానిస్తారు. పదహారును ఎవరూ చూడరు. లెక్కపెట్టని ఊపిరికి ప్రపంచంలో ఎక్కడైనా అదే అంకె.

పదకొండు యాభై రెండుకి నెరిడా పాఠం పూర్తయింది. నూటికి నూరు మార్కులు. సర్టిఫికెట్ కూడా వచ్చింది.

పన్నెండుంపావుకి ఎవరో మిషన్లో నాణెం వేస్తూ తగిలితే క్లారీ పక్కకి ఒరిగిపోయాడు. పొట్టలో పెద్ద రక్తనాళం చిట్లిందన్నారు. మొదట ముట్టుకున్నది నెరిడాయే. చేతులు అప్పటికే చల్లబడి ఉన్నాయి; అవి అరగంటలోపు పోయిన మనిషి చేతులు కావు, పదకొండు నలభైకి ముందే పోయాడు. పద్నాలుగేళ్ళ అనుభవానికి ఆ మాత్రం తెలుస్తుంది. విచారణలో అడిగినవాళ్ళకు మాత్రం ఆ వరుసే దిక్కయింది. పదకొండు నలభైకి బాగానే ఉన్నాడు కదా, రాసుంది కదా, హఠాత్తుగా జరిగిందన్నమాట. మందలించి, మళ్ళీ శిక్షణ పొందమని వదిలేశారు.

క్లారీ భార్య వచ్చి నెరిడా చేతులు పట్టుకుంది. "నిద్రలోనే పోయాడంటగా తల్లీ? బాధపడలేదుగా?"

"లేదండీ. హాయిగా నిద్రపోయారు."

ఆ పెద్దావిడ ఖర్జూరాల కేకు చేసి పంపింది. నెరిడా తిన్నది. బాగుంది కూడా.

"పాస్కో! పెళ్ళికూతుర్లా అక్కడే నిలబడతావా, లోపలికొస్తావా?"

గ్వెన్ హార్టిగన్ గొంతు అది. నర్సులకు పాఠాలు చెప్పే గ్వెన్. అరవై నాలుగేళ్ళు. మిల్పారాలో ఆవిడ చేత తిట్లు తినని నర్సు లేదు. ఆవిడకు భయపడని డాక్టరూ లేడు.

నెరిడా లోపలికి వెళ్ళింది. కిటికీ అవతల ఆకాశం ఇటుకపొడి రంగులో ఉంది. పడమటి దిక్కున నేలకూ మబ్బుకూ మధ్య ఎర్రటి గోడ ఒకటి లేచి నిలబడింది. దుమ్ము గాలి వస్తోంది. ఊరికి కొత్త కాదు.

"పేరు స్టాన్లీ," అంది గ్వెన్. "డెబ్భై ఏళ్ళు. నడుం నొప్పి అని వచ్చాడు. బల్ల దగ్గర నువ్వున్నావు. కానివ్వు."

"నడుం నొప్పా?"

"ఏం, నచ్చలేదా? మెనూ కార్డు తెప్పించనా?"

గ్వెన్ నల్లద్దం వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది. కాసేపటికి స్టాన్లీ నోట్లోంచి ఆవిడ గొంతే మగ గొంతుగా మారి వచ్చింది. "అబ్బా, నడుమమ్మా, చచ్చిపోతున్నానమ్మా." ఎంత భయంగా ఉన్నా నెరిడాకి నవ్వొచ్చింది. పేరడిగింది. ఎప్పట్నుంచి నొప్పి అని అడిగింది. నాడి చూసింది. గుండె మీద తలకిందులుగా వేలాడే గడియారం చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి రబ్బరు ఛాతీ మీద పెట్టబోయింది.

దీపాలు ఒకసారి రెపరెపలాడాయి.

కిటికీ ఎర్రబడింది. తర్వాత గోధుమరంగు. తర్వాత ఏ రంగూ లేదు. మధ్యాహ్నం రెండున్నరకి గదిలో అమావాస్య దిగింది. కరెంటు పోయింది. జనరేటరు ఎమర్జెన్సీకీ ఆపరేషను గదికీ తప్ప ఈ పాత వార్డుకి రాదు. మంచం కింద గాలి మిషను ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

"ఆగకు!" అద్దం వెనకనుంచి గ్వెన్ అరిచింది. ఇప్పుడది మైకులోంచి కాదు, మామూలు కేక. "కరెంటు పోయిందని రోగి చావడం మానుకుంటాడా? చూసింది చూసినట్టు కాగితం మీద రాయి!"

తర్వాత మంచం పక్కనే ఏదో కదిలినట్టయింది. ఎవరో వంగి లేచినట్టు. తర్వాత ఎక్కడో తలుపు చప్పుడు. గాలేమో అనుకుంది నెరిడా.

తర్వాత ఏమీ లేదు.

గాలి రేకుల మీద ఇసుక విసురుతోంది. కిటికీ సందుల్లోంచి దుమ్ము లోపలికి కారుతోంది. నాలుక మీద మట్టి రుచి. రబ్బరు వాసన. పాత డెట్టాలు వాసన. చీకట్లో కొంగ కనపడటం లేదు గానీ అది తననే చూస్తున్నట్టుంది నెరిడాకి. గడియారం ముళ్ళు మాత్రం పచ్చగా మినుకుమంటున్నాయి. రెండూ ముప్పై నాలుగు.

అప్పుడొచ్చింది ఇంకో వాసన.

సన్నగా. చల్లగా. ముక్కులోంచి నేరుగా నుదుటికెక్కే వాసన.

నీలగిరి బిళ్ళ.

"గ్వెన్?" అంది నెరిడా. "మీరక్కడే ఉన్నారా?"

జవాబు మంచం మీదనుంచి వచ్చింది. గుసగుసగా. పళ్ళ మధ్య ఏదో దొర్లిస్తూ మాట్లాడినట్టు.

"ఇక్కడే ఉన్నా పిల్లా."

నెరిడా నల్లద్దం ఉన్న వైపు తిరిగింది. మైకు, అనుకుంది. మైకులో మాట్లాడుతోంది ముసలిది. క్లారీ ఆవిడ పక్కింటివాడే కదా, ఆ గొంతు ఆవిడకి తెలుసు. నన్ను పరీక్షిస్తోంది. ఇదంతా పరీక్షే. కరెంటు లేనప్పుడు మైకు ఎలా పలుకుతుందన్న ఆలోచన రాబోయింది. రానివ్వలేదు.

"ఇది బాగాలేదు గ్వెన్. చనిపోయినాయన గొంతు తీయడం ఏమిటండీ..."

"చెయ్యి పెట్టు పిల్లా."

నెరిడా చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆ రోజు పెట్టలేదుగా."

నెరిడా చెయ్యి పెట్టింది. ఎందుకు పెట్టిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకు తెలియలేదు. పద్నాలుగేళ్ళ అలవాటు కాబోలు, చెయ్యి దానంతటదే పోయింది. అరచేతి కింద రబ్బరు. చల్లగా ఉంది. రబ్బరు అంత చల్లగా ఉండదు. కూల్‌డ్రింకుల మిషను తలుపు తీస్తే ముఖానికి కొట్టే చలి అది.

ముల్లు తిరిగింది. పది సెకన్లు. ఇరవై. ముప్పై.

ఛాతీ లేవలేదు.

యాభై. అరవై.

సున్నా.

"ఎంత?" అంది గుసగుస.

"సున్నా," అంది నెరిడా. సరైన జవాబే కదా అనుకుంది. "ఊపిరి లేదు. గంట కొట్టాలి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి..."

"ఇప్పుడు కాదు పిల్లా." బిళ్ళ పళ్ళకు తగిలి టిక్కుమంది. "ఆ రోజు. పదకొండు నలభైకి. ఎంత?"

గాలి ఒక్కసారి ఆగింది. రేకుల మీద ఇసుక కూడా ఆగింది. ఆ గదిలో ఎవరో చెవి పెట్టి వింటున్నారు.

నెరిడా ఆలోచించింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గైన సంగతి, కానీ జరిగింది ఇదే. ఆ చీకట్లో, ఆ చలి మీద చెయ్యి పెట్టుకుని, ఆమె లెక్కలు వేసుకుంది. అద్దం వెనక గ్వెన్ ఉంది. ప్రతి పరీక్షనూ రికార్డు చేస్తారు. నిజం చెబితే లైసెన్సు పోతుంది. ఇమ్మీ ఆ పొగ ఇంట్లోనే పడుకుంటుంది. చచ్చినవాడు ఎలాగూ చచ్చాడు. ఒక్క అంకె. ఒక్కసారి చెప్పిన అంకెనే ఇంకోసారి చెప్పాలి. అంతే.

"పదహారు," అంది.

బిళ్ళ ఒక దవడ నుంచి ఇంకో దవడకి దొర్లింది.

"రాయి మరి."

రాసింది. చీకట్లో, తడుముకుంటూ. పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు ఆగగానే...

అరచేతి కింద ఛాతీ లేచింది.

గాలి మిషను ఆగి ఉంది. దాని చప్పుడు లేదు. అయినా లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. నెరిడా చెయ్యి తీయాలనుకుంది. రాలేదు. ఒకటి... రెండు... ముల్లు తిరుగుతోంది. ఏడు... ఎనిమిది... ఆ ఊపిరి తడిగా ఉంది. మణికట్టుకు తగులుతోంది. పదిహేను...

పదహారు.

నిమిషం.

మళ్ళీ నిమిషం. మళ్ళీ పదహారు.

"సరే పిల్లా," అంది గుసగుస, ఈసారి చెవి పక్కనుంచి. "ఇకనుంచి నీకంతే."

కరెంటు వచ్చింది. గడియారంలో అప్పుడే మూడు దాటింది.

స్టాన్లీ కళ్ళు తెరిచి కప్పుకేసి చూస్తున్నాడు, ఎప్పటిలాగే. ఛాతీ కదలడం లేదు. నల్లద్దం వెనక గదిలో దీపం వెలిగింది. కుర్చీ ఖాళీగా ఉంది.

వరండా తలుపు తోసుకుని గ్వెన్ వచ్చింది. తలనుంచి చెప్పుల దాకా ఎర్ర దుమ్ము. కనుబొమలు కూడా ఎర్రబడ్డాయి. వెనకాలే తోక ఊపుకుంటూ ఆవిడ ముసలి కుక్క.

"బండి వెనకాల కట్టేసి మర్చిపోయాను దీన్ని. తెచ్చేసరికి దుమ్ములో దారి కనపడి చావలేదు. అరగంట పెట్రోలు షెడ్డులో నిలబడ్డాను." దుమ్ము దులుపుకుని, తుమ్మి, చెయ్యి చాపింది. "ఏదీ, కాగితం."

నెరిడా నోరు తెరిచింది. "మీరు... మైకులో..."

"కరెంటు లేకుండా మైకెలా పలుకుతుంది తల్లీ? దుమ్ము మెదడుకెక్కిందా?"

కాగితం చూసింది గ్వెన్. చాలాసేపు చూసింది. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ఒక సన్నటి గొట్టం తీసి మంచం మీద పడేసింది.

"పోతూ పోతూ గాలి గొట్టం పీకి జేబులో వేసుకుపోయాను. కరెంటు వచ్చినా బొమ్మ ఊపిరి తీయదు. సున్నా రాస్తావా లేదా అని." కాగితం తిప్పి చూపించింది. "ఏంటిది?"

ఒక్కసారే రాశాననుకుంది నెరిడా. కాగితం పైనుంచి కింది దాకా, అన్ని గళ్ళలో, ఆమె చేతిరాతే. 16. 16. 16. 16.

"క్లారీకి కూడా ఇలాగే రాశావా?"

గ్వెన్ నెరిడా మొహం చూసింది. జవాబు అందులోనే ఉన్నట్టుంది.

అప్పుడు గ్వెన్ చేసిన పని తిట్టడం కాదు, కొట్టడం కాదు. నెరిడా అయితే అదే కోరుకుంది. గ్వెన్ పెన్ను తీసింది.

"సోమవారం ఆ బల్ల దగ్గర కూర్చోడానికి మనిషి లేదు. ఇద్దరు రాజీనామా ఇచ్చారు. నిన్ను ఫెయిల్ చేస్తే నేనే కూర్చోవాలి, నా మోకాళ్ళు ఒప్పుకోవు." కొత్త కాగితం తీసి, సున్నా వేసి, కింద సంతకం గీకింది. "నేను ముప్పై ఏళ్ళు రాశాను పదహారు. నీకంటే అదృష్టవంతురాలిని, అంతే. నేనడగలేదు, నువ్వు చెప్పలేదు. పో."

కాగితం అందుకుంటూ నెరిడా మంచం వైపు చూసింది. కుక్క స్టాన్లీ దగ్గరికి పోయింది. మొరగలేదు. ముందు కాళ్ళు మంచం మీద పెట్టి, తోక ఊపుతూ, బాగా తెలిసిన మనిషి చెయ్యి నాకినట్టు రబ్బరు వేళ్ళు నాకుతోంది.

"అదేంటే," అంది గ్వెన్ విసుగ్గా. "పక్కింటి ముసలాయనకి తప్ప ఎవరికీ ఇంత చెయ్యదే ఇది."

సోమవారం నెరిడా తన కుర్చీలో కూర్చుంది. ఆ రోజు నుంచి ఒట్టు పెట్టుకుంది. ప్రతి మనిషికీ చెయ్యి వేస్తాను, నిమిషం నిండా లెక్కపెడతాను.

మొదటివాడు వేలు తెగిన వంటమనిషి. పదహారు. మంచిదే. రెండోది జ్వరం తగిలిన చంటిది. డొక్కలు ఎగరేస్తోంది, నలభైకి తక్కువుండదు. చెయ్యి వేసింది. అరచేతి కింద ఆ చిన్న ఛాతీ మెల్లగా, నిండుగా, హాయిగా లేచి దిగింది. పదహారు. కళ్ళు ఒకటి చూస్తున్నాయి, చెయ్యి ఒకటి చెబుతోంది. చెయ్యి అక్కడుంటే కళ్ళు కూడా చేతి మాటే వింటున్నాయి. మూడో రోజు లారీ కింద పడ్డవాణ్ణి తెచ్చారు. డాక్టరు అప్పటికే గుడ్డ కప్పేశాడు. నెరిడా ఎవరూ చూడనప్పుడు గుడ్డ కింద చెయ్యి పెట్టింది.

పదహారు.

ఎవరికి చెప్పాలి? చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి. మణికట్టు నొప్పిగా ఉందని సాకు పెట్టి టామ్సిన్ చేత లెక్కపెట్టించడం మొదలుపెట్టింది. "రాణీగారి మణికట్టుకి ఏం తెగులో," అని టామ్సిన్ దెప్పింది గానీ లెక్కపెట్టింది. అలా మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం శుక్రవారం మళ్ళీ దుమ్ము లేచింది. పెద్దది కాదు. మూడుంపావుకి బడి నుంచి ఇమ్మీ నేరుగా ఆసుపత్రికే వచ్చింది. బడి టోపీ, వీపున సంచీ. అద్దం దగ్గర నిలబడింది.

"అమ్మా, ఛాతీ కొంచెం పట్టేసినట్టుంది."

"ఇన్‌హేలర్ పీల్చావా?"

"రెండుసార్లు పీల్చా."

నెరిడా లేచి బయటికొచ్చి కూతురి ఛాతీ మీద చెయ్యి పెట్టింది. టామ్సిన్ కోసం చూసింది. టామ్సిన్, డాక్టరు, అందరూ లోపల గది దగ్గరే ఉన్నారు. హైవే మీద బస్సు బోల్తా పడి ఏడుగురిని తెచ్చారు. లోపల ఎవరో కేకలు వేస్తున్నారు. చేతి కింద ఊపిరి హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే నెరిడాకి నమ్మాలనిపించింది. ఒక్కసారి... ఒక్కసారైనా నిజం అయ్యుండొచ్చు కదా? పిల్లకి నిజంగానే పదహారు అయ్యుండొచ్చు కదా?

"కాసేపు కూర్చో నాన్నా. అరగంటలో ఇంటికెళ్దాం. ఎక్కువైతే నన్ను పిలువు."

ఇమ్మీ వెళ్ళి కూర్చుంది. ఎక్కడ కూర్చుందో నెరిడా చూడలేదు. బస్సులో వచ్చినవాళ్ళ పేర్లు రాస్తోంది.

మూడూ నలభైకి టామ్సిన్ నెత్తురు మరకల గౌను విప్పుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. "ఇమ్మీ వచ్చిందన్నారు? ఎలా ఉంది?"

నెరిడా అద్దంలోంచి చూసింది. కూల్‌డ్రింకుల మిషను పక్క కుర్చీ. కట్టుకున్న చేతులు. మొహం మీదికి దించిన టోపీ.

"నిద్రపోతోంది," అంది.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక విన్నది.

కుర్చీ వెనక్కి పడింది. గదిలో ఇరవైమంది జనం. వాళ్ళ మధ్యనుంచి ఎలా నడిచిందో తెలియదు. మిషను జుమ్మని మోగుతోంది. నెరిడా మోకాళ్ళ మీద కూర్చుని, కూతురి ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది.

లేచింది. దిగింది. లేచింది. దిగింది.

పదహారు.

తట్టి లేపితే తెలిసిపోతుంది. ఒక్క తట్టు. టోపీ ఎత్తి పెదాలు చూస్తే చాలు. ఏ రంగులో ఉన్నాయో చూస్తే చాలు. రెండో చెయ్యి టోపీ అంచు దాకా వెళ్ళి ఆగిపోయింది.

వెనకనుంచి టామ్సిన్ అడుగుల చప్పుడు. పరిగెత్తుకొస్తోంది. "నెరీ? నెరీ, ఏమైంది? పక్కకి జరుగు!"

బడి టోపీకి నీలం పట్టీ ఉంటుంది. పొద్దున తనే ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ పట్టీలో, సరిగ్గా చెవి పైన, నాలుగు మడతలు పెట్టిన వెండి కాగితం ముక్క ఒకటి దోపి ఉంది. నీలగిరి వాసనంటేనే ఇమ్మీకి వాంతి.

"ఒక్క నిమిషం," అంది నెరిడా, గడియారం చేతిలోకి తీసుకుని. "ఇంకొక్క నిమిషం. ఇప్పుడు సరిగ్గా లెక్కపెడతాను."

ఒకటి... రెండు...